బంతి వెళ్ళింది 15 మీటర్లా, 25 మీటర్లా? దూరం లెక్క ఎక్కడ తప్పుతోంది

అమ్మా, నువ్వు అడిగిందాన్ని ముందు నా మాటల్లో మళ్ళీ రాస్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు, గురుత్వ త్వరణం 10 అనుకోమన్నారు, 3 సెకన్లలో అది ప్రయాణించిన దూరం ఎంత అని అడిగారు. నువ్వు యూటీ మైనస్ హాఫ్ జీటీ స్క్వేర్ వేశావు (యూ మొదటి వేగం, టీ కాలం, జీ గురుత్వ త్వరణం). 60 లోంచి 45 తీసేస్తే 15 మీటర్లు వచ్చింది. జవాబుల కీలో 25 ఉంది. రెండో లెక్కలో సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్న కారుకి బ్రేకు వేశారు, ఋణత్వరణం 2 (అంటే సెకనుకి 2 చొప్పున వేగం తగ్గుతోంది), 8 సెకన్లలో ఎంత దూరం పోయింది అంటే నీకు 16 వచ్చింది, కీలో అక్కడా 25 ఉంది. సూత్రం కరెక్టే, కూడికలు తీసివేతలు కూడా కరెక్టే, మరి జవాబు ఎందుకు తప్పు, దూరానికి వేరే సూత్రం ఏమైనా ఉందా సార్ అని నీ ప్రశ్న.

కీ కరెక్టే. నీ లెక్కలో కూడా తప్పు లేదు. నువ్వు కనుక్కున్నది దూరం కాదు, అంతే. మొదటి లెక్కలో నువ్వు కనుక్కున్నది స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటు నుంచి చివరికి తిన్నగా ఎంత దూరంలో, ఎటువైపు ఉందో అది. రెండో లెక్కలో నువ్వు కనుక్కున్నది అసలు జరగనే జరగని ఒక ప్రయాణం, దాని సంగతి కాసేపాగి చెప్తాను. నేను ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నా, ఏటా ఈ రెండు లెక్కల దగ్గరే సగం క్లాసు పడిపోతుంది, అందులో మంచి మార్కులొచ్చేవాళ్ళు ఎక్కువ. ఎందుకంటే వాళ్ళకి సూత్రం బాగా వచ్చు, లెక్క చూడగానే చెయ్యి దాని మీదికి వెళ్ళిపోతుంది.

బంతితో మొదలుపెడదాం. వేగం విసిరినప్పుడు 20, ఒక సెకను తర్వాత 10, రెండో సెకను అయ్యేసరికి సున్నా. అంటే 2 సెకన్ల దగ్గర బంతి పైన ఆగింది. అప్పటికి ఎంత ఎత్తు వెళ్ళింది? 40 లోంచి 20 పోతే 20 మీటర్లు. ఇంకో సెకను మిగిలింది. ఆ సెకనులో అది పైనుంచి కిందికి పడుతోంది, మొదటి సెకనులో పడేది 5 మీటర్లు. 20 పైకి, 5 కిందికి, మొత్తం 25. బంతి ఇప్పుడు ఎక్కడుంది అంటే నేల నుంచి 15 మీటర్ల ఎత్తులో ఉంది. నీ సూత్రం చెప్పింది అదే. "బంతి ఎక్కడుంది" అని అడిగితే అది నిజాయితీగా 15 అంది, "ఎంత తిరిగింది" అని దాన్ని నువ్వు అడగలేదు, అడిగినా దానికి తెలీదు.

ఈ తేడా బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కదని ఒక ఏడాది ఒక పని చేశాను. మా క్లాసు బయట పొడవాటి వరండా ఉంటుంది, టైల్స్ వేసి ఉంటాయి. ఒక కుర్రాణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి, టైల్స్ లెక్కపెట్టుకుంటూ 30 ముందుకి వెళ్ళమన్నాను, తర్వాత వెనక్కి తిరిగి 12 రమ్మన్నాను. వాడు నిలబడ్డ చోట చాక్‌తో గుర్తు పెట్టి, ఎన్ని టైల్స్ నడిచాడు అని క్లాసుని అడిగితే కిటికీలోంచి చూస్తున్న వాళ్ళు 18 అన్నారు, ఎందుకంటే వాళ్ళకి కనిపిస్తున్నది తలుపుకీ వాడికీ మధ్య ఉన్న ఖాళీ. నడిచిన కుర్రాడు మాత్రం "42 సార్, నా కాళ్ళనడగండి" అన్నాడు. అప్పటినుంచి మా దగ్గర దూరం అంటే కాళ్ళ లెక్క, స్థానభ్రంశం అంటే కళ్ళ లెక్క. పుస్తకంలో అలా ఉండదులే, పరీక్షలో రాయకు. అక్కడ దూరం అదిశ రాశి (దిక్కు లేనిది), స్థానభ్రంశం సదిశ రాశి (దిక్కు ఉన్నది) అనే రాయాలి.

గానుగెద్దుని నువ్వు చూసి ఉండకపోవచ్చు, మా చిన్నప్పుడు నూనె ఆడించే గానుగ దగ్గర పొద్దుటినుంచీ సాయంత్రం దాకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. మధ్యలోంచి ఎద్దు నడిచే దారికి 3 మీటర్లు అనుకుంటే ఒక చుట్టుకి సుమారు 18.84 మీటర్లు, 500 చుట్లకి 9 కిలోమీటర్ల 400 మీటర్ల పైనే. సాయంత్రం కాడి దించేసరికి పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది కాబట్టి స్థానభ్రంశం సున్నా. "గానుగెద్దులా తిరిగినా అక్కడే" అనడం వెనకున్న ఫిజిక్స్ ఇదే. పరీక్షలో వాడు అర చుట్టు, పావు చుట్టు అని అడుగుతాడు. అర చుట్టులో ఎద్దు నడిచింది 9.42 మీటర్లు, స్థానభ్రంశం వ్యాసం అంత, 6 మీటర్లు. పావు చుట్టులో నడిచింది 4.71, స్థానభ్రంశం 3 రూట్ 2, అంటే సుమారు 4.24. చుట్టు చిన్న ముక్క అయ్యేకొద్దీ రెండూ దగ్గరవుతున్నాయి చూశావా, ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

ఇంకోటి, రోజూ చూసేది. హైదరాబాదు నుంచి విజయవాడకి హైవే మీద వెళ్తే 270 కిలోమీటర్ల పైచిలుకు. కాజీపేట, ఖమ్మం మీదుగా రైల్లో వెళ్తే 350 దాకా. మ్యాపు మీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీస్తే సుమారు 250. బస్సులో వెళ్ళినవాడికీ రైల్లో వెళ్ళినవాడికీ స్థానభ్రంశం ఒకటే, ఆ 250, ఆగ్నేయం వైపు. దూరాలు వేరు. దూరం ఎప్పుడూ స్థానభ్రంశం కన్నా తక్కువ కాలేదు, మహా అయితే సమానం అవుతుంది, అది కూడా వంపులు లేకుండా, వెనక్కి తిరగకుండా ఒకే వైపు తిన్నగా పోతేనే. నీ బండికి ఉండే కిలోమీటర్ల మీటరు కొలిచేది దూరాన్ని. ఊరంతా తిరిగి ఇంటికొచ్చినా అది వెనక్కి తగ్గదు (సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్ళు దాన్ని తిప్పేసే సంగతి వేరే, అది భౌతికశాస్త్రం కిందికి రాదు).

తిన్నగా ఉన్న దూరానికీ తిరిగిన దూరానికీ తేడా ఎంత పెద్దదవుతుందో చూడాలంటే చంద్రయాన్-3 చూడు. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరింది, చంద్రుడి మీద దిగింది ఆగస్టు 23న. చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. 1969లో అపోలో 11 జులై 16న బయల్దేరి 19కల్లా చంద్రుడి కక్ష్యలోకి వెళ్ళిపోయింది. మరి మనది 40 రోజులు ఎందుకు పట్టింది, మెల్లగా వెళ్ళిందా అని చాలామంది అడుగుతారు. మెల్లగా వెళ్ళలేదు, చుట్లు తిరిగింది. అంత పెద్ద రాకెట్ లేకుండా తక్కువ ఇంధనంతో పని జరగాలి కాబట్టి భూమి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతూ, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజన్ కాస్త మండించి ఆ గుడ్డుని ఇంకా సాగదీసుకుంటూ, ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టింది, 5న చంద్రుడి కక్ష్యలోకి వెళ్ళింది, అక్కడా మళ్ళీ చుట్లే. అది తిరిగిన దూరం ఈ 3,84,000కి ఎన్నో రెట్లు. కాబట్టి 3,84,000ని 40 రోజులతో భాగించి ఇదీ చంద్రయాన్ స్పీడు అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే ఏం తప్పు జరిగిందో నువ్వు చెప్పగలగాలి.

ఇక్కడ ఒక మాట. తెలుగులో మనం స్పీడుకీ వెలాసిటీకీ రెంటికీ వేగం అనేస్తాం, పాఠ్యపుస్తకం మాత్రం స్పీడుని వడి అంటుంది, వెలాసిటీని వేగం అంటుంది. "వడివడిగా నడిచాడు" అన్నప్పుడు ఎటు నడిచాడో ఆ మాటలో లేదు కదా, ఎంత గబగబా అన్నదే ఉంది. వడిని కాలంతో గుణిస్తే దూరం. దిక్కుతో సహా ఉన్న వేగాన్ని కాలంతో గుణిస్తే స్థానభ్రంశం. ఎస్ ఈక్వల్ టు యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్‌లో (ఏ అంటే త్వరణం) ఉన్నది వేగం, కాబట్టి బయటికొచ్చే ఎస్ స్థానభ్రంశమే. ఆ ఎస్ పక్కన చిన్న తరగతుల్లో "దూరం" అని రాయించేస్తారు, అప్పటి లెక్కలన్నిట్లో వస్తువు ఒకే వైపు పోతుంది కాబట్టి ఏ ఇబ్బందీ రాదు, ఇంటర్‌కి వచ్చాక బంతి వెనక్కి తిరగ్గానే మునుగుతారు. నా కంప్లయింట్ అంతా ఆ పాత అలవాటు మీదే.

కాబట్టి దూరానికి వేరే సూత్రం లేదు. ఉన్నది ఒక ప్రశ్న, సూత్రం ముట్టుకునే ముందు అడగాల్సింది: ఇచ్చిన కాలంలో ఇది ఎక్కడైనా ఆగి వెనక్కి తిరిగిందా? దానికి వేగాన్ని సున్నాకి సమానం చేసి కాలం కనుక్కో, బంతికి 20 మైనస్ 10టీ సున్నా అంటే టీ 2. ఇచ్చిన కాలం 3, అంటే తిరుగుడు మధ్యలోనే ఉంది, ముక్కలు చెయ్యాలి. అదే లెక్కలో ఒకటిన్నర సెకనులో ఎంత దూరం అనుంటే ఇంకా తిరగలేదు కాబట్టి సూత్రం తిన్నగా వేసుకో, వచ్చిన 18.75 దూరమూ అదే, స్థానభ్రంశమూ అదే.

ఇప్పుడు కారు. వేగం 10, సెకనుకి 2 చొప్పున తగ్గుతోంది, 5 సెకన్లకి ఆగిపోయింది. ఆగేదాకా పోయింది 50 మైనస్ 25, అంటే 25 మీటర్లు. మిగిలిన 3 సెకన్లు? కారు అక్కడే ఉంది. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. బ్రేకు అనేది చక్రం తిరుగుతుంటే ఆపగలదు కానీ కారుని వెనక్కి తొయ్యలేదు. నీ సూత్రానికి ఆ సంగతి తెలీదు. త్వరణం మైనస్ 2 అని నువ్వు ఇచ్చావు, 8 సెకన్లూ అదే ఉంటుందని అది నమ్మింది, 5 సెకన్ల తర్వాత కారుని 3 సెకన్ల పాటు వెనక్కి నడిపించి 9 మీటర్లు తెచ్చేసింది. 25 లోంచి 9 పోతే నీ 16. బంతి విషయంలో వెనక్కి రావడం నిజం, ఎందుకంటే పైన ఆగినా భూమి లాగడం ఆపదు. కారు విషయంలో అది అబద్ధం. రెండు చోట్లా వేగం సున్నా అయింది, రెండు చోట్లా సూత్రం ఒకటే, కానీ ఒకచోట ఆ తర్వాత బలం ఉంది, ఇంకోచోట లేదు. ఇది లెక్క చెప్పదు, నువ్వే ఆలోచించాలి. నాకు ఈ లెక్క అందుకే ఇష్టం.

బ్రేకు మాట వచ్చింది కాబట్టి, బండి నడిపేవాళ్ళకి పనికొచ్చే ఒక లెక్క. ఎదురుగా గేదె వచ్చింది అనుకో. కన్ను చూసి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను వేసుకుందాం, ఆ సెకనంతా బండి పాత వేగంతోనే పోతుంది. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు, ముందు ఆ 10 పోయింది. తర్వాత బ్రేకు సెకనుకి 5 చొప్పున తగ్గిస్తే ఆగడానికి వేగం స్క్వేర్‌ని రెండు ఏతో భాగించాలి, 100 బై 10, ఇంకో 10. మొత్తం 20 మీటర్లు. స్పీడు రెట్టింపు చేసి 72 చెయ్యి. మొదటి సెకనులో 20, బ్రేకు మీద 400 బై 10 అంటే 40, మొత్తం 60. స్పీడు రెండింతలైతే దూరం మూడింతలైంది, బ్రేకు భాగం ఒక్కటే చూస్తే నాలుగింతలు. వానపడ్డ రోడ్డు మీద ఆ 5 ఇంకా తగ్గుతుంది, మిగతా లెక్క నువ్వే వేసుకో.

సూత్రాలన్నీ పక్కన పెట్టి ఒక్క పద్ధతి నేర్చుకోమంటే నేను వేగం–కాలం గ్రాఫ్ నేర్చుకోమంటాను. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. గీతకీ అడ్డగీతకీ మధ్య ఉన్న వైశాల్యమే దూరం. ఎందుకని అడుగు, చాలామంది అడగరు. సెకనుకి 10 మీటర్ల చొప్పున 4 సెకన్లు పోతే 40 మీటర్లు, గ్రాఫ్‌లో అది 10 ఎత్తు, 4 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం, దాని వైశాల్యం 40. వేగం మారుతూ ఉంటే కాలాన్ని సన్నటి ముక్కలు చెయ్యి, ఒక్కో ముక్కలో వేగం దాదాపు మారదు, ఒక్కో ముక్కా సన్నటి దీర్ఘచతురస్రం, అన్నీ కలిపితే గీత కింద ఉన్నదంతా వచ్చేస్తుంది. (ఎద్దు చుట్టులో ముక్క చిన్నదయ్యేకొద్దీ అన్నాను కదా, అదే కిటుకు.) ఇది కొత్త విషయమేం కాదు, 14వ శతాబ్దంలోనే ఫ్రాన్సులో నికోల్ ఒరేమ్ అనే ఆయన ఇలాంటి బొమ్మ గీసి, సమత్వరణంతో పోయే వస్తువు దూరం మధ్య వేగంతో పోయినదాని దూరంతో సమానమని త్రిభుజాన్నీ దీర్ఘచతురస్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. అప్పటికి గెలీలియో పుట్టడానికి ఇంకా రెండు వందల ఏళ్ళు ఉంది.

మెట్రో రైలు ఒక స్టేషన్లో బయల్దేరి 20 సెకన్లలో సెకనుకి 20 మీటర్ల వేగం అందుకుని, 40 సెకన్లు అదే వేగంతో పోయి, 20 సెకన్లలో ఆగింది అనుకో. సూత్రాలతో చేస్తే మూడు ముక్కలు, మూడుసార్లు ప్రతిక్షేపించాలి. గ్రాఫ్‌లో అది ఒక ట్రెపీజియం. కింది భుజం 80, పై భుజం 40, ఎత్తు 20. సగం ఇంటూ 120 ఇంటూ 20, 1200 మీటర్లు, అయిపోయింది. ఇప్పుడు నీ బంతిని గ్రాఫ్ మీద పెట్టు. 20 దగ్గర మొదలైన గీత కిందికి దిగుతూ 2 దగ్గర అడ్డగీతని కోసి కిందికి పోతుంది, 3 దగ్గర మైనస్ 10. పైన ఒక త్రిభుజం, వైశాల్యం 20. కింద ఇంకో చిన్న త్రిభుజం, వైశాల్యం 5. రెండూ కలిపితే దూరం, 25. పైదాంట్లోంచి కిందిది తీసేస్తే స్థానభ్రంశం, 15. నీ జవాబూ కీ జవాబూ ఒకే బొమ్మలో ఉన్నాయి. కారు గ్రాఫ్ గీస్తే గీత 5 దగ్గర అడ్డగీతకి తగిలి, ఆ తర్వాత దాని మీదే పడుకుని ఉంటుంది, కిందికి దిగదు.

ఫలానా సెకను ఒక్కదాంట్లో (ఎన్‌వ సెకనులో) దూరం అని ఇంకో రకం ఉంది, యూ ప్లస్ ఏ ఇంటూ, బ్రాకెట్లో ఎన్ మైనస్ హాఫ్. అదీ స్థానభ్రంశమే ఇస్తుంది. బంతిని 25 వేగంతో విసిరి మూడో సెకనులో ప్రయాణించిన దూరం అడిగితే 25 మైనస్ 10 ఇంటూ 2.5, సున్నా వస్తుంది. సెకను పాటు బంతి గాల్లో కదలకుండా వేలాడిందా? రెండున్నర సెకన్ల దగ్గర తిరిగింది కాబట్టి సగం సెకను పైకి 1.25, సగం సెకను కిందికి 1.25, దూరం రెండున్నర మీటర్లు. సున్నా ఆప్షన్లలో కచ్చితంగా ఉంటుంది, పేపరు సెట్ చేసేవాళ్ళు మనల్ని బాగా ఎరుగుదురు.

సరాసరి వడి విషయం తొందరగా చెప్పేస్తాను. వెళ్ళేటప్పుడు గంటకి 40, వచ్చేటప్పుడు 60, మొత్తం 5 గంటలు పట్టింది, మొత్తం ఎంత దూరం? 40, 60ల సరాసరి 50, ఇంటూ 5 అంటే 250 అని రాస్తారు. మెల్లగా పోయినప్పుడు ఎక్కువ సేపు పోయారు, గబగబా వచ్చినప్పుడు తక్కువ సేపే వచ్చారు, రెండింటికీ సమాన గౌరవం ఇస్తే ఎలా? ఒకవైపు దూరం 120 పెట్టి చూడు, 3 గంటలు, 2 గంటలు, సరిపోయింది. మొత్తం 240, సరాసరి 48. సగం కాలం 40, సగం కాలం 60 అని ఉంటే మాత్రం 50 కరెక్టు. లెక్కలో "సగం దూరం" అన్నాడా "సగం సమయం" అన్నాడా అన్నది రెండుసార్లు చదువు.

ఎవరి దూరం అన్నది కూడా చూసుకోవాలి. రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన ఉంది కదా, దాని రైలు భాగం సుమారు 2.8 కిలోమీటర్లు. 24 బోగీల రైలు ఇంజన్‌తో కలిపి 550 మీటర్లు అనుకుందాం, సెకనుకి 10 మీటర్ల వేగంతో వంతెన దాటుతోంది. కిటికీ పక్కన కూర్చుని గోదారిలో చిల్లర వేసే ఆవిడకి వంతెన 280 సెకన్లు ఉంటుంది, ఎందుకంటే ఆవిడ దాటాల్సింది 2800 మీటర్లే. రైలు వంతెన దాటడం అంటే ఇంజన్ ఎక్కినప్పటినుంచి గార్డు పెట్టె దిగేదాకా, దానికి ఇంజన్ 2800కి పైన ఇంకో 550 పోవాలి, 335 సెకన్లు. ప్రశ్న రైలు గురించా, మనిషి గురించా? స్తంభం దాటితే రైలు పొడవు ఒక్కటే, ప్లాట్‌ఫామ్ అయినా వంతెన అయినా రెండూ కలపాలి.

ప్రతిధ్వని లెక్కలోనూ ఇదే గొడవ. కొండ ముందు నిలబడి కేక వేస్తే 4 సెకన్లకి తిరిగొచ్చింది. ధ్వని వేగం 340 పెడితే 1360 మీటర్లు. అది ధ్వని తిరిగిన దూరం, వెళ్ళడం రావడం కలిపి. కొండ ఉన్నది 680 మీటర్లలో. ఉరుము లెక్కలో ఇలా సగం చెయ్యకూడదు, అది ఒకవైపే వస్తుంది. మెరుపు కనిపించినప్పటినుంచి సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే కిలోమీటర్లు, 6 సెకన్లంటే సుమారు 2 కిలోమీటర్ల అవతల పడింది. వెలుగు రావడానికి పట్టే కాలం ఎంత తక్కువంటే వదిలెయ్యొచ్చు. మన పెద్దవాళ్ళు ఊరు ఎంత దూరం అంటే "కూతవేటు దూరం" అనేవాళ్ళు, అంటే కేక వినపడేంత. ధ్వనితో దూరం కొలవడమే, కాకపోతే గడియారం లేకుండా.

యూనిట్ల గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. గంటకి కిలోమీటర్లు ఇచ్చి, కాలం సెకన్లలో ఇస్తే ముందు 5 బై 18తో గుణించు, ఆ తర్వాతే మిగతా పని. 18కి 5, 36కి 10, 54కి 15, 72కి 20, ఈ నాలుగూ నోటికి ఉంటే చాలా లెక్కలకి పెన్ను కూడా అక్కర్లేదు. 1 గంట 30 నిమిషాలని 1.30 అని వేసేవాళ్ళు ఇప్పటికీ ఏడాదికి పదిమంది దొరుకుతారు, అది 1.5. ఇంకా, కాంతి సంవత్సరం అని పేరులో సంవత్సరం ఉన్నా అది దూరమే, కాంతి ఏడాదిలో పోయే దూరం, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు.

వంపు దారుల సంగతి అడిగేవాళ్ళు ఉంటారు. ఏటవాలుగా విసిరిన రాయి గాల్లో తిరిగిన దారి పొడవు కావాలంటే సమాకలనం (ఇంటిగ్రేషన్) కావాలి, మీ స్థాయిలో అది అడగరు, ఎంత దూరంలో పడింది, ఎంత ఎత్తు వెళ్ళింది అనే అడుగుతారు. దారి ఎంత వంకరగా ఉన్నా వడి మారకపోతే మాత్రం భయం లేదు, వడి ఇంటూ కాలం వేసెయ్, ఘాట్ రోడ్డు మీద ఎన్ని మలుపులున్నా సరే. ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్ళ మధ్య ఆగకుండా ఎగిరే కాకి లెక్క కూడా అంతే. రైళ్ళ మధ్య 60 కిలోమీటర్లు, రెండూ గంటకి 30 చొప్పున వస్తున్నాయి, కాకి గంటకి 50. ఒక్కో ఎగురుడూ విడిగా లెక్కపెట్టడం మొదలుపెడితే పరీక్ష అయిపోతుంది. రైళ్ళు కలవడానికి గంట, కాబట్టి కాకి ఎగిరింది 50. ఒక రైలు దగ్గర బయల్దేరి మధ్యలో ఆగింది కాబట్టి దాని స్థానభ్రంశం 30.

ఇప్పుడు నువ్వు ఒకటి చెయ్యి. ఒక బొమ్మ కారు తిన్నటి గీత మీద పోతోంది, టీ సెకన్ల దగ్గర దాని వేగం 6 మైనస్ 2టీ, సెకనుకి మీటర్లలో. రిమోట్ కారు, వెనక్కి కూడా వస్తుంది. 5 సెకన్లలో తిరిగిన దూరం ఎంత? ముందు గ్రాఫ్ గీసి చెయ్యి, తర్వాత సూత్రంతో చెయ్యి. 13 రావాలి. 5 వస్తే గీత అడ్డగీతని ఎక్కడ కోసిందో మళ్ళీ చూడు, 9 వస్తే నువ్వు కారు 3 సెకన్ల దగ్గరే ఆగిపోయిందనుకున్నావు. రెండు రకాలుగా చేసినా 13 రాకపోతే ఆ గ్రాఫ్ ఫొటో తీసి ఇక్కడే పెట్టు, రాత్రికి చూస్తాను.